ఈట్రెక్స్ 10 సమీక్ష: కొబ్బరితోటలో రెండూ కావాలి, సముద్రంలో ఒకటి చాలు

గార్మిన్ ఈట్రెక్స్ 10 అంటే ఉపగ్రహాల సంకేతాలు విని మనమెక్కడున్నామో చెప్పే చేతి పెట్టె. అందులో సెటప్, సిస్టమ్, శాటిలైట్ సిస్టమ్ అంటూ లోపలికి వెళ్తే మూడు ఎంపికలు కనిపిస్తాయి. జీపీఎస్, జీపీఎస్ ప్లస్ గ్లోనాస్, డెమో మోడ్. మొదటిది అమెరికా సైన్యం ఎగరేసిన ఉపగ్రహాలు. రెండోదాంట్లో వాటికి తోడు సోవియట్ యూనియన్ మొదలుపెట్టి, ఇప్పుడు రష్యా నడుపుతున్న ఉపగ్రహాలు. మూడోది కొట్లో చూపించడానికి పెట్టింది, అందులో రిసీవరు పనిచేయదు. చేతులు మారిన పెట్టె డెమోలోనే ఉండిపోతే ఎంతసేపు ఆకాశానికి చూపించినా ఒక్క సిగ్నలూ అందదు. రిపేరుకు పట్టుకెళ్ళే ముందు అది చూసుకోండి.

గోదావరి డెల్టాలో ఈ పెట్టె రెండు రకాల వాళ్ళకి పనికొస్తుంది. భీమవరం నుంచి అమలాపురం దాకా చేపల, రొయ్యల చెరువులవాళ్ళు ఒకరు. నరసాపురం, అంతర్వేది, ఓడలరేవు, భైరవపాలెం వైపు బోట్లవాళ్ళు ఇంకొకరు. ఇద్దరికీ ఒకే సెట్టింగు సరిపోదు. రెండు దేశాల ఉపగ్రహాలూ వస్తే రెట్టింపు మేలు అనుకుని గ్లోనాస్ ఆన్ చేసి వదిలేయడం తప్పు. ఎక్కడ ఆన్ చేయాలో, ఎక్కడ ఆపాలో తెలిస్తే 2011లో వచ్చిన ఈ మోడల్ ఈ రోజుకీ మంచి పనిముట్టే.

ముందు పెట్టె సంగతి. బ్యాటరీలతో కలిపి దాదాపు 142 గ్రాములు. తెర 2.2 అంగుళాలు, నలుపు తెలుపు. రంగుల తెర కాదని చిన్నచూపు చూడొద్దు. మధ్యాహ్నం పన్నెండు గంటల ఎండలో గట్టు మీద ఫోన్ తెర మీద మన మొహమే కనిపిస్తుంది, ఇది మాత్రం ఎండ ఎక్కువైనకొద్దీ స్పష్టంగా కనిపిస్తుంది. రెండు పెన్సిల్ సెల్స్ మీద 20 గంటలు నడుస్తుందని కంపెనీ లెక్క. మీటరు లోతు నీళ్ళలో అరగంట తట్టుకుంటుంది. వెయ్యి చోట్లు పాయింట్లుగా దాచుకోవచ్చు. టచ్ లేదు. ముందువైపు వేలితో అటూ ఇటూ తోసే చిన్న పుల్ల, పక్కల మీటలు, అంతే. తడి చేతులతో, వల జిగురు అంటిన చేతులతో వాడేవాళ్ళకి ఇదే సుఖం.

లేనివి కూడా చెప్పాలి. ఇందులో కొత్త మ్యాపులు ఎక్కించుకునే వీలు లేదు, పేరుకి ఒక బొమ్మ మ్యాపు ఉంటుంది, అందులో గోదావరి పాయలు కూడా సరిగా తేలవు. అయస్కాంత దిక్సూచి లేదు. ఎత్తు కొలిచే గాలి పీడనం మీటరూ లేదు. ఈ మీటరు లేనందువల్ల పెద్ద నష్టం లేదుగానీ దిక్సూచి లేనందువల్ల నది సముద్రంలో కలిసే మొగ దగ్గర చిక్కొస్తుంది, ఆ సంగతి తర్వాత.

ఇప్పుడు రెండు ఉపగ్రహాల గుంపుల మధ్య తేడా. ఇది చరిత్ర పాఠం కాదు. సెట్టింగు ఎందుకు మార్చాలో ఇక్కడే తేలుతుంది.

1957 అక్టోబర్ 4న సోవియట్ వాళ్ళు స్పుత్నిక్‌ని పంపాక, అమెరికాలోని ఒక ప్రయోగశాలలో ఇద్దరు శాస్త్రవేత్తలు దాని రేడియో కూత విన్నారు. దగ్గరికొస్తున్న రైలు కూత హెచ్చినట్టు, దూరమవుతుంటే తగ్గినట్టు ఆ స్వరం మారడం చూసి ఉపగ్రహం ఎక్కడుందో లెక్కకట్టారు. ఆ లెక్కను తిరగేస్తే, ఉపగ్రహం దారి తెలిసినప్పుడు వినేవాడు ఎక్కడున్నాడో తెలుస్తుంది. అలా పుట్టిందే ట్రాన్సిట్ అనే ఏర్పాటు. దాని పని అణు క్షిపణులు మోసే పొలారిస్ జలాంతర్గాములకు వాటి చోటు చెప్పడం. క్షిపణి ఎక్కడి నుంచి లేస్తోందో తెలియకపోతే ఎక్కడ పడుతుందో చెప్పలేం కదా. సోవియట్ వాళ్ళు కూడా తమ నౌకాదళం కోసం 1967 నుంచి అలాంటి ఉపగ్రహాలే పంపారు. ఆ తర్వాతి తరం జీపీఎస్, మొదటి ఉపగ్రహం 1978 ఫిబ్రవరిలో. దానికి జవాబు గ్లోనాస్, మొదటిది 1982 అక్టోబర్ 12న. జీపీఎస్ ఉపగ్రహాల మీద భూమ్మీద ఎక్కడైనా అణుబాంబు పేలితే పసిగట్టే పరికరాలు ఇప్పటికీ ఉంటాయి. మన చెరువు గట్టు కొలిచే ఉపగ్రహం చేసే రెండో ఉద్యోగం అది.

1983 సెప్టెంబర్ 1న దారి తప్పి సోవియట్ గగనతలంలోకి వెళ్ళిన కొరియా ప్రయాణికుల విమానాన్ని సోవియట్ యుద్ధవిమానం కూల్చేసింది. 269 మంది పోయారు. ఆ నెలలోనే రీగన్ ప్రభుత్వం జీపీఎస్‌ని పౌరులకు కూడా ఇస్తామని ప్రకటించింది. ఇచ్చారుగానీ పాలలో నీళ్ళు కలిపినట్టు కావాలని తప్పు కలిపి ఇచ్చారు. నూరు మీటర్ల దాకా తేడా వచ్చేది. 2000 మే 2న ఆ కల్తీ ఆపేశారు. అంతకుముందు జీపీఎస్ వాడిన పెద్ద సరంగులు ఇప్పటికీ "దాని మాట నమ్మకు" అంటే వాళ్ళని తప్పుపట్టకండి. నూరు మీటర్లంటే మొగలో నీటిదారి నుంచి ఇసుక మేట మీదికి ఎక్కేంత దూరం. వాళ్ళు చూసింది నిజమే, ఇప్పుడు మాత్రం ఆ తప్పు లేదు.

ఇంకో విచిత్రం, రెండు ఏర్పాట్లూ పూర్తయింది పోటీ ముగిశాకే. సోవియట్ యూనియన్ 1991లో పోయింది. జీపీఎస్ పూర్తిగా సిద్ధమైందని ప్రకటించింది 1995లో, గ్లోనాస్ 24 ఉపగ్రహాల లెక్క నిండింది కూడా ఆ ఏడాది చివరికే. ఆ తర్వాత రష్యా దగ్గర డబ్బు లేదు, పాత గ్లోనాస్ ఉపగ్రహాల ఆయుష్షు దాదాపు మూడేళ్ళే. 2001 నాటికి పనిచేసేవి పట్టుమని పది కూడా మిగల్లేదు. మళ్ళీ నిండింది 2011లో. ఈట్రెక్స్ 10 వచ్చింది సరిగ్గా ఆ ఏడాదే. అందుకే రెండూ పట్టే చేతి పెట్టెల్లో ఇది తొలి వరసలో నిలిచింది.

పనిలోకొస్తే, జీపీఎస్ ఉపగ్రహాలు భూమికి దాదాపు 20,200 కిలోమీటర్ల ఎత్తున ఆరు కక్ష్యల్లో, భూమధ్యరేఖకు 55 డిగ్రీల వాలులో తిరుగుతాయి. గ్లోనాస్‌వి 19,100 కిలోమీటర్ల ఎత్తున మూడు కక్ష్యలు, వాలు 64.8 డిగ్రీలు. సోవియట్ భూమి ఉత్తరాన ఉంది కాబట్టి వాళ్ళకి ఉత్తరపు ఆకాశం నిండాలి, అందుకే ఆ వాలు. మనం 16, 17 డిగ్రీల అక్షాంశంలో ఉన్నాం. ఇక్కడ నిలబడి సరిగ్గా ఉత్తరానికి చూస్తే దాదాపు 40 డిగ్రీల ఎత్తుకు కింద జీపీఎస్ ఉపగ్రహం ఎప్పుడూ ఉండదు. గ్లోనాస్ ఉపగ్రహం 30 డిగ్రీల దగ్గరదాకా దిగుతుంది. అంటే దక్షిణం వైపు కొబ్బరిచెట్లో డాబాయో అడ్డుండి, ఉత్తరం మాత్రమే తెరిచి ఉన్న చోట గ్లోనాస్ తేడా కంటికి కనిపిస్తుంది. ఆకాశమంతా తెరిచి ఉన్నచోట ఆ లాభం పెద్దగా లేదు.

సంకేతాలు పంపే తీరూ వేరు. జీపీఎస్ ఉపగ్రహాలన్నీ ఒకే పౌనఃపున్యం మీద, 1575.42 మెగాహెర్ట్జ్ మీద మాట్లాడతాయి, ఎవరి కోడ్ వారిది. సంతలో అందరూ ఒకేసారి అరుస్తున్నా మన ఇంటివాళ్ళ గొంతు మనం పట్టుకుంటాం చూడండి, అలాగ. గ్లోనాస్ పాత పద్ధతిలో కోడ్ అందరిదీ ఒకటే, 1602 మెగాహెర్ట్జ్ దగ్గర ఒక్కో ఉపగ్రహానికి కాస్త కాస్త తేడాతో ఒక్కో పౌనఃపున్యం. రేడియోలో స్టేషన్లు మార్చుకున్నట్టు. రెండూ వినాలంటే రిసీవరు ఎక్కువ పని చేయాలి, బ్యాటరీ తొందరగా దిగుతుంది. ఈ మాట కంపెనీ కూడా చెబుతుంది.

2014 ఏప్రిల్ 1, 2 తేదీల్లో గ్లోనాస్ ఉపగ్రహాలన్నిటికీ తప్పు కక్ష్య వివరాలు ఎక్కించారు, పది గంటలకు పైగా అవన్నీ తప్పే పంపాయి. ఈట్రెక్స్ 10లో గ్లోనాస్ ఒక్కటే వాడే ఎంపిక లేదు. అనుమానం వస్తే జీపీఎస్ ఒక్కటే పెట్టి చూడొచ్చు, చోటు ఒక్కసారిగా పక్కకు జరిగితే తేడా ఎక్కడుందో తెలిసిపోతుంది.

కోనసీమ కొబ్బరితోటలోకి వద్దాం. ఉపగ్రహాల సంకేతం ఆకుల్లోంచి వస్తుంది, తడి ఆకుల్లోంచి నీరసించి వస్తుంది. వాన కురిసి ఆగిన వెంటనే తోటలో కొలవడం మొదలుపెట్టకండి, ఆకులు ఆరనివ్వండి. మట్టలకంటే పెద్ద అడ్డు మీ తలకాయ. పెట్టెను ఛాతీకి ఆనించి పట్టుకుంటే సగం ఆకాశం మీ ఒంటితోనే మూసేసినట్టు. తెర ఆకాశానికి చూసేలా, భుజం ఎత్తున, ఒంటికి దూరంగా పట్టుకోవాలి. ఫోన్‌లాగా నిటారుగా పట్టుకోవడం చాలామంది చేసే పొరపాటు.

తోటలో గ్లోనాస్ ఆన్ చేయండి. ఉపగ్రహాల పేజీలో 1 నుంచి 32 దాకా నంబర్లు జీపీఎస్‌వి, 65 నుంచి పైవి గ్లోనాస్‌వి. గీతలు నిండుగా ఉన్నవాటిని లెక్కపెట్టండి. జీపీఎస్ నిండు గీతలు నాలుగైదుకు పడిపోయిన చోట గ్లోనాస్ ఇంకో మూడు నాలుగు తెస్తుంది, అక్కడే దీనికి పెట్టిన డబ్బు గిట్టుబాటు. రెండు గుంపుల గడియారాలూ వేరు, గ్లోనాస్ మాస్కో సమయం మీద నడుస్తుంది, అందుకని ఆ తేడా తేల్చుకోవడానికే పెట్టెకు ఒక ఉపగ్రహం అదనంగా కావాలి. ఒక్క గ్లోనాస్ ఉపగ్రహం మాత్రమే దొరికితే పెద్దగా ఒరిగేదేం లేదు. రెండు, అంతకుమించి దొరికితేనే లాభం.

ఇంకో కిటుకు. జీపీఎస్ ఉపగ్రహాల అమరిక రోజూ నాలుగు నిమిషాలు ముందుగా మళ్ళీ అదే చోటికి వస్తుంది. ఒక తోటలో ఈ రోజు పది గంటలకి సరిగా పట్టకపోతే రేపు పదింటికి వెళ్ళినా అంతే. రోజు మార్చడం దండగ, గంట మార్చండి. రెండు గంటలు అటో ఇటో జరిపితే అదే చోట బాగా పట్టొచ్చు.

చెరువు గట్ల మీద లెక్క వేరు. అక్కడ నెత్తిన ఆకాశమంతా మనదే. అక్కడ గ్లోనాస్ ఆపేసి, అదే మెనూలో వాస్/ఎగ్నాస్ అనేది ఆన్ చేయండి. అవి చోటు చెప్పడంలో వచ్చే తప్పును దిద్దే అమెరికా, ఐరోపా వాళ్ళ సవరణ ఏర్పాట్ల పేర్లు. అదే పద్ధతిలో ఇస్రో, విమానాశ్రయాల సంస్థ కలిసి నడిపేది గగన్. దాని సంకేతం మోసే ఉపగ్రహాల్లో ఒకటైన జీశాట్-10, 83 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉంటుంది. యానాం నుంచి చూస్తే దాదాపు నెత్తిమీదే, దక్షిణానికి కాస్త వాలి. గగన్ సవరణలు జీపీఎస్‌కే గాని గ్లోనాస్‌కి ఉండవు. ఉపగ్రహాల పేజీలో గీతల మీద ఇంగ్లీషు డి అక్షరం కనబడితే సవరణ అందుతున్నట్టు. అది వచ్చేదాకా రెండు మూడు నిమిషాలు నిలబడండి.

కొలిచే పద్ధతి ఇది. ఏరియా క్యాలిక్యులేషన్ తెరిచి, స్టార్ట్ నొక్కి, చుట్టూ నడిచి, మొదలుపెట్టిన చోటికే వచ్చి క్యాలిక్యులేట్ నొక్కాలి. తర్వాత యూనిట్లు మార్చు అన్నచోట ఎకరాలు పెట్టండి. మనకి కలిసొచ్చే సంగతి ఒకటుంది. ఎకరాకి నూరు సెంట్లు కాబట్టి చుక్క తర్వాత రెండంకెలూ సెంట్లే. 2.13 అంటే రెండెకరాల పదమూడు సెంట్లు. సెంటు అంటే 40.47 చదరపు మీటర్లు, 48.4 చదరపు గజాలు.

తప్పు ఎక్కువగా వచ్చేది ఉపగ్రహాల వల్ల కాదు, కాళ్ళ వల్ల. 90 మీటర్లు, 90 మీటర్లు ఉన్న చెరువు నీటి అంచున నడిస్తే 8,100 చదరపు మీటర్లు, అంటే రెండెకరాలు. అదే గట్టు మీద రెండు మీటర్లు వెనక్కి జరిగి నడిస్తే 94 మీటర్లు, 94 మీటర్లు అవుతుంది. 8,836 చదరపు మీటర్లు. 18 సెంట్లు పెరిగాయి! లీజు నీటి విస్తీర్ణం మీద అయితే నీటి అంచున, గట్టుతో కలిపి అయితే గట్టు బయటి అంచున నడవాలి. గట్టు మధ్య బాట మీద నడిచి ఆ అంకె మీద బేరమాడితే ఇద్దరిలో ఒకరు నష్టపోయినట్టే. ఎవరు నడుస్తున్నా రెండో పక్షంవాళ్ళు చూడాలి, వీలైతే ఇద్దరూ ఒక్కోసారి నడవాలి.

ఉపగ్రహాల తప్పు మాత్రం ఇక్కడ మనకి అనుకూలం. మూడు నాలుగు మీటర్ల తప్పు ఉన్నా, పావుగంటలో ఆ తప్పు దిక్కు పెద్దగా మారదు. చెరువు మొత్తం ఒకే వైపు మూడు మీటర్లు జరిగినట్టు పడుతుంది, విస్తీర్ణం దాదాపు అంతే ఉంటుంది. అందుకే ఒకే ఊపులో నడిచి ముగించాలి. 360 మీటర్ల చుట్టు మామూలు నడకలో ఐదు నిమిషాలు. మధ్యలో టీ తాగడానికి ఆగితే ఆ తప్పు దిక్కు మారిపోతుంది. సగం ఈ రోజు, సగం రేపు అసలే వద్దు. మూలల దగ్గర మలుపు కోసేయకుండా మూలదాకా వెళ్ళి ఒకటి రెండు సెకన్లు ఆగి తిరగండి. మూడుసార్లు నడిచి మధ్య అంకె తీసుకోండి, సగటు కాదు. ఒక్క నడక చెడిపోతే సగటు కూడా చెడిపోతుంది.

అరెకరం లోపు ముక్కలకి, ఇంటి స్థలాలకి ఈ పెట్టె వద్దు. గొలుసో టేపో మంచిది. చెరువు అడుగు వాటం చూడ్డానికీ వద్దు. ఎత్తులో తప్పు అడ్డంగా వచ్చే తప్పుకంటే ఎప్పుడూ ఎక్కువే, డెల్టాలో నేలకు నేలకు తేడా చూస్తే అడుగుల్లో ఉంటుంది. ఆ పనికి డంపీ లెవెల్, లేదంటే పాత నీళ్ళ గొట్టం. కొన్ని ఫోన్ యాప్‌లు మన ఊరు సముద్రమట్టానికి 70 మీటర్ల కింద ఉన్నట్టు చూపిస్తే భయపడకండి. అవి భూమిని పైనా కిందా కాస్త నొక్కిన నున్నటి బంతి అనుకుని కట్టే లెక్క చూపిస్తాయి, నిజమైన సముద్రమట్టం మన దగ్గర దానికంటే దాదాపు అంత కిందుంటుంది. పొలం హద్దు తగాదాలో ఈ అంకెలు చెల్లవు. 2020 చివర మొదలైన రీసర్వేలో వాడిన రోవర్లనే కొలత పెట్టెలు స్థిరమైన కేంద్రాల నుంచి సవరణలు తీసుకుని సెంటీమీటర్లలో చెబుతాయి. ఇది మీటర్లలో చెప్పే పెట్టె, రెంటికీ పోలిక లేదు.

మ్యాప్ డేటమ్ అన్నచోట, అంటే భూమి ఆకారానికి ఏ లెక్క వాడాలో చెప్పేచోట, డబ్ల్యూజీఎస్ 84 తప్ప వేరేది పెట్టకండి. జాబితాలో ఇండియన్ అనే పేరుతో కనిపించేవి ఎవరెస్ట్ అనే సర్వేయర్ పాత కొలతలవి, ఆ లెక్కకీ ఈ లెక్కకీ మన దగ్గర రెండు వందల మీటర్ల చుట్టూ తేడా పడుతుంది. దేశభక్తితో ఇండియన్ నొక్కితే చెరువు పక్క ఊళ్ళో తేలుతుంది. రష్యా వాళ్ళకీ సొంత డేటమ్ ఉంది, పీజెడ్-90. మొదట్లో దానికీ అమెరికా లెక్కకీ మీటర్లలో తేడా ఉండేది, 2007లో సవరించాక మీటరు లోపుకి వచ్చింది. ఆ మార్పిడి పెట్టే చూసుకుంటుంది.

సముద్రం మీద గ్లోనాస్ ఆపేయండి. అడ్డు లేని ఆకాశంలో జీపీఎస్ ఒక్కటే సరిపోతుంది, మిగిలిన బ్యాటరీ మూడో రాత్రి పనికొస్తుంది. అక్కడ ప్రాణం మీదికి తెచ్చేది ఉపగ్రహం కాదు, అంకెలు రాసుకునే పద్ధతి. ఈ పెట్టె మామూలుగా డిగ్రీలు, నిమిషాలు, నిమిషంలో దశాంశాలు చూపిస్తుంది. 16°20.500′ అంటే ఇరవైన్నర నిమిషాలు, అంటే 20 నిమిషాల 30 సెకన్లు. దాన్ని కాగితం మీద 16°20′50″ అని రాసి పక్క బోటుకి ఇస్తే 20 సెకన్లు పెరిగి 600 మీటర్లు ఉత్తరానికి జరిగిపోతుంది. అంతర్వేది మొగ దగ్గర 600 మీటర్లంటే నీటిదారి కాదు, గట్టిగా ఇసుకే. సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ వాళ్ళు ఇచ్చే చేపల జాడ అంకెలు డిగ్రీలు, నిమిషాలు, సెకన్లలో ఉంటే ముందు సెటప్, పొజిషన్ ఫార్మాట్‌లో దాన్నే ఎంచుకుని అంకెలు ఎక్కించి, తర్వాత మళ్ళీ మీకు అలవాటైన దానికి మార్చుకోండి. మనసులో లెక్క కట్టొద్దు. వైర్‌లెస్‌లో చెప్పేటప్పుడు "చుక్క" అన్న మాట మింగేయకండి.

మొగ దాటడానికి ఒక్క పాయింటు దాచుకుంటే చాలదు. దారి దాచుకోవాలి. పోటు మీద, పగటిపూట, అనుభవం ఉన్న సరంగు బయటికి తీసిన రోజున ట్రాక్ రికార్డు ఆన్ చేసి, దూరం లెక్కన పది మీటర్లకో చుక్క పడేలా పెట్టుకోండి. తిరిగొచ్చేటప్పుడు ట్రాక్‌బ్యాక్. అయితే ఆగస్టు, సెప్టెంబర్ వరదలు పోయాక ఆ ట్రాక్ చెరిపేయండి. ధవళేశ్వరం దాటొచ్చిన వరద మేటల్ని జరిపేస్తుంది, పాయింటు మాత్రం నిరుడు ఉన్నచోటే ఉంటుంది. పెట్టెకి లోతు తెలియదు. లోతు తెలిసేది బారలతోనో ఎకో సౌండర్‌తోనో.

దిక్సూచి లేని లోటు ఇక్కడే బయటపడుతుంది. నడుస్తున్నప్పుడు మాత్రమే దీనికి దిక్కు తెలుస్తుంది. బోటు ఆగి అలల మీద ఊగుతుంటే బాణం గుర్తు పిచ్చెక్కినట్టు తిరుగుతుంది, దాన్ని చూసి తిప్పితే ఎటు పోతామో తెలీదు. ముప్పై సెకన్లు తిన్నగా నడపండి, బాణం కుదురుతుంది. పక్కన మామూలు దిక్సూచి ఒకటి ఉండి తీరాలి. మనిషి నీళ్ళలో పడితే మెనూలో మ్యాన్ ఓవర్‌బోర్డ్ ఉంది. దాన్ని వెతుక్కోవాల్సిన పరిస్థితి లేకుండా మొదటి పేజీలోకి జరుపుకోండి.

సూర్యుడు చురుగ్గా ఉన్న ఏళ్ళలో మార్చి, ఏప్రిల్, సెప్టెంబర్, అక్టోబర్ నెలల్లో పొద్దు కూకిన దగ్గర్నుంచి అర్ధరాత్రి దాకా మన ప్రాంతంలో ఉపగ్రహ సంకేతాలు మిణుకుమంటాయి. పైన అయనావరణంలో వచ్చే అలజడి అది. ఆ వేళ చోటు పదీ ఇరవై మీటర్లు ఎగిరినా, ఒకటి రెండు ఉపగ్రహాలు మాయమై మళ్ళీ వచ్చినా పెట్టె పాడైందనుకోకండి. సముద్రంలో గ్లోనాస్ పెట్టదగ్గ ఒకే సందర్భం ఇది. కొన్ని పోయినా ఇంకొన్ని మిగులుతాయి.

ఇంకో మాట. ఇది వినే పెట్టె, చెప్పే పెట్టె కాదు. మీరెక్కడున్నారో ఒడ్డుకి తెలియదు. ఆపదలో కబురు పంపడానికి ఇస్రో రూపొందించిన డ్యాట్ వేరు, అది వేరుగా ఉండాలి. ఇదే కంపెనీ ఇన్‌రీచ్ పేరుతో ఉపగ్రహం ద్వారా సందేశాలు పంపే పెట్టెలు అమ్ముతుంది. టెలికాం శాఖ అనుమతి లేకుండా అవి మన దేశంలో వాడితే కేసవుతుంది. గల్ఫ్ నుంచి వచ్చే బావగారితో తెప్పించుకునేవాళ్ళు పేరు సరిగా చూసి చెప్పండి.

సెకండ్‌హ్యాండ్‌లో కొంటుంటే ఆరుబయట పెట్టి ఆన్ చేసి, కదపకుండా పదిహేను నిమిషాలు ఆగండి. జీపీఎస్ ఉపగ్రహాల పూర్తి చిట్టా దిగడానికి పన్నెండున్నర నిమిషాలు పడుతుంది, గ్లోనాస్‌ది రెండున్నర. నెలల తరబడి పడున్న పెట్టెకి ఆ చిట్టా పాతబడి ఉంటుంది. ఈలోగా అమ్మేవాడు తొందరపెడితే ఆగమనండి. ఈట్రెక్స్ అనే పేరుతోనే 2000లో వచ్చిన పసుపు పెట్టె ఉంది, దాంట్లో గ్లోనాస్ లేదు. పేరు చూసి మోసపోకుండా మెనూలో గ్లోనాస్ ఉందో లేదో, ఉపగ్రహాల పేజీలో 65 దాటిన నంబర్లు వస్తున్నాయో లేదో చూడండి. పాత బోటు సెట్లలో తేదీ దాదాపు ఇరవై ఏళ్ళు వెనక్కి చూపిస్తే అది జీపీఎస్ వారాల లెక్క 1,024 దగ్గర మళ్ళీ సున్నాకి రావడం వల్ల, 2019 ఏప్రిల్ 6న అది జరిగింది. చోటు సరిగానే చెబుతుందిగానీ తేదీ మీద ఆధారపడే పోటుపాట్ల పట్టికలు నమ్మొద్దు.

బ్యాటరీలు ఛార్జింగువి వేస్తే సెటప్‌లో బ్యాటరీ రకం నిమ్‌హెచ్ అని మార్చండి. అవి 1.2 వోల్టులు, మామూలువి 1.5. మార్చకపోతే సగం ఉండగానే అయిపోయాయని చూపిస్తుంది. రెండూ ఒకే రకం, ఒకే వయసువి వేయాలి. ఒకటి కొత్తది ఒకటి పాతది వేస్తే పాతది కారిపోతుంది. ఉప్పునీళ్ళు తగిలిన రోజున మూత తీయకుండా ముందు మంచినీళ్ళతో కడిగి, తుడిచి, ఆరాక అప్పుడు వెనక రింగు తిప్పి మూత తీయండి. తడిగా తీస్తే అంచున ఉన్న ఉప్పు లోపలి స్ప్రింగుల మీదికి జారుతుంది. పచ్చగా చిలుము పట్టిన స్ప్రింగుకి ఇసుక కాగితం పెట్టకండి, పూత పోతుంది. దూదికి కాస్త వెనిగర్ అద్ది తుడిచి, మంచినీటి దూదితో ఇంకోసారి తుడిచి, ఒక పూట మూత తెరిచి ఆరబెట్టండి. మూత చుట్టూ ఉన్న రబ్బరు మీద ఇసుక రేణువు ఒక్కటి ఉన్నా నీళ్ళు లోపలికి వస్తాయి. మూసే ముందు వేలితో చుట్టూ ఒకసారి తడిమి చూడండి.